కడగని ట్యాంకరు

"ట్యాంకరు పరీక్షకి చదువుతున్నది ఈ ఇంట్లోనేనా?"

గుమ్మం ముందు ఎవరో ముసలాయన. చుట్టమూ కాదు, పక్కింటివాడూ కాదు.

"ఔను. మీరెవరు?" అంది ఆమె, తలుపు సగమే తెరిచి.

"పాఠం చెప్పేవాడు కావాలేమోనని వచ్చానమ్మా. డబ్బులేం వద్దు."

డబ్బులొద్దన్నాడంటేనే ఆమెకు అనుమానం. కానీ అప్పటికే భర్త కుర్చీ లాగి దుమ్ము తుడుస్తున్నాడు.

భర్త ఏళ్ల తరబడి లారీ తోలినవాడే. కానీ మండే సరుకు, ఒంటిమీద పడితే కాల్చే సరుకు తోలాలంటే మామూలు లైసెన్సు చాలదు. దానికి వేరే పరీక్ష. రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ తప్పాడు. ఈసారీ తప్పితే కంపెనీ అతనికి ఇస్తానన్న ట్యాంకరు ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

వాళ్లుంటున్నది ఆమె అన్నయ్య ఇంట్లో, వెనక గదిలో. వదిన నోటితో ఏమీ అనదు, గిన్నెలతో అంటుంది. బండి దొరికితేనే వేరే ఇల్లు.

ముసలాయన రోజూ సాయంత్రం వచ్చేవాడు.

"మాస్టారూ, మీరు ఏ బండి తోలేవారు?"

"ముందు పాఠం."

టీ ఇస్తే తాగేవాడు. ఇవ్వకపోతే ఇచ్చేదాకా వంటింటి వైపు చూసేవాడు.

"టీల మాస్టారు దిగాడు, పాలు దాచుకోండి," అనేది వదిన, ఆయనకు వినబడేలాగే.

ఆయన విననట్టే పేజీ తిప్పేవాడు.

"ప్రమాదకరమైన సరుకని చెప్పే బోర్డు బండికి ఎన్ని వైపుల ఉండాలి?"

"నాలుగు వైపులా."

"ఎందుకు?"

"ఎటునుంచి వచ్చినవాడికైనా లోపల ఏముందో తెలియాలని."

"సరే. సరుకు దించేశావు. బోర్డు తీసేస్తావా?"

"ఖాళీ ట్యాంకే కదా, తీసేస్తా."

"కడిగారా?"

అతను తల గోక్కున్నాడు.

"కడగని ట్యాంకు ఖాళీ కాదయ్యా. సరుకు పోయినా ఆవిరి పోదు. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాడు. మర్నాటికి మళ్లీ మర్చిపోయాడు.

పరీక్ష ముందురోజు ముసలాయన మొదటి ప్రశ్నే కొత్తది అడిగాడు.

"ట్యాంకు అడుగున ఏదో అడ్డం పడింది. ఏం చేస్తావ్?"

"మూత తీసి దిగుతా. ఊపిరి బిగబడితే నిమిషం పని," అని నవ్వాడు అతను.

ముసలాయన పుస్తకం నేలకేసి కొట్టాడు.

"నిమిషమా! నీకు కావలసింది బండి కాదురా, పాడె!"

గోడవతల గిన్నెల చప్పుడు ఆగింది. భర్త తలెత్తలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఆమెకు ఒళ్లు మండింది. తెస్తున్న టీ గ్లాసు కిటికీలో పెట్టేసి ముందుకొచ్చింది.

"చాల్లెండి పెద్దాయనా! మా ఇంట్లో మా టీ తాగి, నా మొగుణ్ణి నా ముందే శపిస్తారా? మీకు కొడుకులుంటే వాళ్లకి చెప్పుకోండి మీ పాఠాలు. రేపట్నుంచి ఈ గుమ్మం ఎక్కకండి."

ముసలాయన వంగి పుస్తకం తీశాడు. నలిగిన పేజీ అరచేత్తో సాపు చేసి కుర్చీలో పెట్టాడు.

"నిజమే తల్లీ," అన్నాడు.

టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

పరీక్ష పోలేదు. "పాసయ్యాను!" అని అతను వీధిలోంచే అరుచుకుంటూ వచ్చాడు.

"అన్నయ్యగారూ, టీ పెట్టనా?" అంది వదిన, ఎన్నడూ లేనిది.

"మాస్టారికి చెప్పాలి," అన్నాడు అతను.

ఎక్కడని వెళ్లి చెబుతాడు? ఇన్నాళ్లూ ఆయన ఇల్లెక్కడో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

ఆయన మళ్లీ రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. టీ పెట్టినప్పుడల్లా ఆమె ఒకసారి గుమ్మం వైపు చూసేది.

డ్యూటీలో చేరిన రోజు అతను క్యారేజీ మర్చిపోయాడు. ఆమె పట్టుకుని యార్డుకి వెళ్లింది.

తెల్లటి ట్యాంకరు పక్కన భర్త క్లీనరుని గదుముతున్నాడు.

"కడగందే బోర్డు మీద చెయ్యి వెయ్యకు. కడగని ట్యాంకు ఖాళీ కాదు, తెలిసిందా?"

"అచ్చం ఆ ముసలాయన మాటే," అని నవ్వాడు యార్డు సూపర్‌వైజరు.

ఆమె గబగబా అతని దగ్గరికి వెళ్లింది.

"మీకు తెలుసా సార్ ఆయన? ఒక్కసారి మా ఇంటికి పంపండి. ఒక మాట తూలాను. కాళ్లమీద పడైనా సరే క్షమించమనాలి."

సూపర్‌వైజరు నవ్వు ఆగిపోయింది.

"ఎక్కడినుంచి పంపనమ్మా? పోయినవారం బస్టాపులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మీ ఆయన పాసయ్యాడని చెబితే ఇక్కడే గేటు దగ్గర నాకు దండం పెట్టాడు, నేనేదో పాస్ చేయించినట్టు."

ఆమె క్యారేజీ కింద పెట్టి, పక్కనే ఉన్న దిమ్మ మీద కూలబడింది.

"ఇక్కడే డ్రైవరుగా చేసేవారా?"

"డ్రైవరా? స్టీరింగు పట్టి ఎరగడు. బట్టలు కుట్టేవాడు. ఆ పరీక్ష పుస్తకం కొనుక్కుని, ఈ గేటు దగ్గరే కూర్చుని, కూడబలుక్కుంటూ నేర్చాడు. ఈ బండికి కొత్తగా ఎవరొస్తున్నారని రోజూ నన్ను పీక్కు తినేవాడు. మీ ఇంటి గుర్తులు చెప్పింది నేనే."

"బట్టలు కుట్టే ఆయనకి ఈ బండితో ఏం పని సార్?"

సూపర్‌వైజరు భర్త వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మీకెవరూ చెప్పి ఉండరు. పోయిన వేసవిలో ఇదే ట్యాంకులోకి దిగి పైకి రాని డ్రైవరు, ఆయన కొడుకమ్మా."