రెండో వలయం

కూల్చవలసిన ఇళ్ళ మ్యాపులో తన ఇంటి మేరకు ఒక కన్నం వేయాలని, ఆ మ్యాపు గీసే ఉద్యోగి నిశ్చయించుకున్నాడు.

కొత్త బస్టాండు కోసం తీసుకునే స్థలమంతటినీ కంప్యూటరులో ఎర్రరంగుతో నింపినవాడు అతడే. ఎరుపులో ఉన్న ప్రతి గోడా కూలవలసిందే. కడుపు కట్టుకుని కట్టుకున్న అతని ఇల్లు సరిగ్గా ఆ ఎరుపు నడిబొడ్డున పడింది. హద్దు జరిపితే పదిమంది కళ్ళలో పడుతుంది గాని, నడుమ మినపగింజంత కన్నం ఎవరి కంట పడుతుంది?

ఇంట్లో మాత్రం సంగతి పొక్కనీయలేదు. ఇల్లాలి నోట నువ్వుగింజ నానదని అతని నమ్మకం. ఏదైనా దారి చూడమని ఆమె బతిమాలిన ప్రతిసారీ, ధర్మదేవతకు తోడబుట్టినవాడిలా గొంతు సవరించుకునేవాడు.

"తిన్న ఉప్పుకు ద్రోహం చెయ్యమంటావా? ఇల్లు పోతే పోనీవే, పేరు మిగులుతుంది."

"వానొస్తే పిల్లల్ని ఆ పేరు కింద పడుకోబెట్టనా?" అని ఆమె విసవిసా లోపలికి పోయింది.

మరునాడు అందరూ భోజనాలకు లేచాక, అతడు తన ఇంటి గోడల వెంబడి ఒక వలయం గీసి, అంతమేరా రంగు తారుమారు చేయమని కంప్యూటరును ఆదేశించాడు. ఎరుపు నడుమ తెల్లని చుక్క వెలిసింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినంత తృప్తిగా, మ్యాపును పై అధికారిణి ఆమోదానికి పంపాడు.

కూల్చివేతనాడు వీధంతా సామాన్లు మోస్తూ శోకాలు పెడుతుంటే, అతడు వాకిట్లో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాడు. ఇల్లాలు సైతం నిశ్చింతగా కూనిరాగం తీస్తూ వంట చేసుకోవడం చూసి, తన ఉపదేశం ఇన్నాళ్ళకు తలకెక్కిందని మురిసిపోయాడు.

యంత్రం పక్కింటిని నేలమట్టం చేసి, తిన్నగా అతని గుమ్మం ముందుకు వచ్చింది.

"ఈ ఇంటికి మినహాయింపు ఉందయ్యా. మ్యాపు చూసుకో," అన్నాడతడు దర్జాగా.

డ్రైవరు ఫోను చూపించాడు. "ఎర్రగానే ఉంది సార్. లేవండి, కుర్చీ కూడా పోతుంది."

అతడు ఆ ఫోను లాక్కుని మ్యాపును పెద్దది చేశాడు. తన వలయం చెక్కుచెదరలేదు. కాకపోతే సరిగ్గా దాని మీదనే మరొక వలయం ఉంది. ఎరుపులో వలయం గీస్తే కన్నం పడుతుంది. ఆ కన్నం మీద మళ్ళీ వలయం గీస్తే అది పూడి మునుపటి ఎరుపే వస్తుంది. అతని తరువాత ఆ మ్యాపును తాకినది పై అధికారిణి ఒక్కతే. మ్యాపు వైపు కన్నెత్తి చూడకుండా, ఇంటి నంబరు టైపు చేసి వలయం గీసేసినట్టుంది.

"ఆవిడకు నా మీద ఇంత పగేమిటి?" అని అతడు కూలబడ్డాడు.

చేతిలో గరిటెతో వాకిట్లోకి వచ్చిన ఇల్లాలు తెల్లబోయింది.

"పగెందుకండీ? ధర్మం తప్పని మీతో చెప్పలేక, మనింటి మేరకు కన్నం వెయ్యమని నేనే ఆవిడ కాళ్ళు పట్టుకుని, నా గాజులిచ్చి వచ్చాను."