రాతి బల్ల దగ్గర హలీనా ఆంటీ

లిఫ్టు తలుపులు మూసుకుంటుండగా ఒక చేతికర్ర అడ్డం పడింది.

కర్ర వెనకే హలీనా ఆంటీ లోపలికొచ్చింది. తలకి పూల రుమాలు, మొహం నిండా ముడతలు. ఎనభై ఎప్పుడో దాటేసింది.

"మీ అత్తగారిని డాక్టరుకి చూపించావా?" ఇంగ్లీషులో అడిగింది సుస్మితని.

"చూపిస్తాను ఆంటీ."

సుస్మిత భర్త వైపు తిరిగి, మొహం మీద నవ్వు చెదరకుండా తెలుగులో అంది. "ఈ ముసలావిడకి పనీ పాటా లేదు జనా! రోజూ ఇదే టార్చర్. మన ఇంటి సంగతులు ఈవిడకెందుకు?"

పరాయి దేశంలో మనవాళ్ళకున్న సుఖం ఇదొకటి. ఎదుటి మనిషిని మొహం మీదే విసుక్కోవచ్చు.

జనార్దన్ నేల చూపులు చూశాడు. హలీనా ఆంటీ ఇద్దరికీ చెయ్యూపి కింద దిగిపోయింది.

ఆవిడది ఉక్రెయిన్. సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లోని ఆ బ్లాకులో అందరికంటే పాత కాపురం ఆవిడదే.

జనార్దన్ తల్లి అప్పలమ్మ మనవడు చంటిని చూసుకోవడానికి శ్రీకాకుళం నుంచి వచ్చింది. ఇంగ్లీషు ముక్క రాదు. కోడలు వన్-నార్త్‌లో ల్యాబుకి, కొడుకు ఆఫీసుకి వెళ్ళగానే చంటిని బండిలో వేసుకుని బ్లాకు కిందికి దిగేది. అక్కడ రాతి బల్ల దగ్గర హలీనా ఆంటీ ఉండేది. ఎండ తిరిగేదాకా ఇద్దరూ అక్కడే.

"మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారత్తయ్యా?" ఓసారి అడిగింది సుస్మిత.

"ఏటి మాటాడతాం? నాను సెప్తాను. ఆవిడ కర్రమీద గెడ్డం ఆనించి ఇంటాది."

"ఆవిడకేం అర్థమవుతుంది?"

"అవ్వకపోతేనే మంచిదమ్మా. నా మాట ఇంకోలి సెవిన పడదు కదేటి."

సుస్మిత పకపకా నవ్వింది.

ఒక శనివారం కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే హలీనా ఆంటీ. గడప బయట నిలబడలేదు, తిన్నగా లోపలికొచ్చి సోఫాలో కూర్చుంది.

"సోమవారం పొద్దున నేనే తీసుకెళ్తాను. పూర్తి పరీక్షలు చేయించాలి. ఆడ డాక్టరు ఉంది, మాట్లాడేశాను."

సుస్మితకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి అత్తగారిని ఎవరు తీసుకెళ్ళడం!

"అక్కర్లేదు ఆంటీ. మేమున్నాంగా."

"ఉన్నారు. కానీ సోమవారమే," అంది ఆవిడ లేస్తూ.

అప్పలమ్మ వద్దంటే వద్దంది. "నాకేటయినాదని? గుండ్రాయినాగున్నాను."

సుస్మిత వినలేదు. ఆ ముసలావిడ చేత మళ్ళీ మాట పడకూడదన్న పంతంతోనే సెలవు పెట్టి, ఆవిడ చెప్పిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళింది.

ఎడమ రొమ్ములో గడ్డ ఉంది.

"మంచి సమయానికి తెచ్చారు. ఇంకా ఆలస్యం చేసుంటే చెయ్యి దాటిపోయేది," అంది డాక్టరు.

ఆపరేషన్ అయింది. అప్పలమ్మ తేరుకుంది. మళ్ళీ చంటిని ఎత్తుకున్న రోజున సుస్మిత బాత్రూములోకెళ్ళి తనివితీరా ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, డబ్బా నిండా సున్నుండలు పట్టుకుని హలీనా ఆంటీ ఇంటికి వెళ్ళింది.

"ఎలా కనిపెట్టారు ఆంటీ? ఇంట్లో ఉండి మాకే తెలీలేదు."

"ముసలి కళ్ళు," అంది ఆవిడ కన్ను కింద వేలు ఆనించి. తర్వాత ఒక సున్నుండ నోట్లో వేసుకుని, డబ్బా తన వైపు జరుపుకుంది.

వానల రోజుల్లో ఒక పొద్దున హలీనా ఆంటీ నిద్రలోనే పోయింది.

బ్లాకు కిందే శవపేటిక ఉంచారు. తెల్లని పూలు, ప్లాస్టిక్ కుర్చీలు. చీనా ఆంటీలు, మలయ్ కుటుంబాలు, అందరూ వచ్చారు. దగ్గర్లోనే బూన్ లే పేటలో ఉండే కూతురు లేస్యా ఇంగ్లీషులో తల్లి కథ చెప్పింది. యుద్ధంలో నేలమాళిగలో దాక్కున్న పసితనం. కొలిమి పొగల ఊళ్ళో చదువు. భర్త ఉద్యోగం ఎక్కడుంటే అక్కడ కాపురం. ఆయన పోయాక కూతురి కోసం సింగపూర్.

"ఎక్కడికెళ్ళినా ఇరుగుపొరుగే నా చుట్టాలు అనేది అమ్మ," అని ముగించింది.

అప్పలమ్మ కుర్చీ పెట్టె దగ్గరికి లాక్కుని, రోజూ మాట్లాడినట్టే మొదలుపెట్టింది.

"ఎలిపోనావా తల్లీ! కొడుకుతో సెప్పుకోలేక, కోడలికి బరువవుతానని బయమేసి, ఆ గెడ్డ సంగతి నీతోనే అన్నాను. నీకు అర్తం కాదు కదాని అన్నాను. అయినా దేవుడు నీ సేతే నన్ను బతికించినాడు. నీ రునం ఎలా తీర్సుకోనమ్మా?"

లేస్యా వచ్చి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి పట్టుకుంది.

"అమ్మకి అర్థమయ్యేది, పెద్దమ్మా," అంది తెలుగులో.

సుస్మిత చప్పున లిఫ్టు వైపు చూసింది.

"విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కట్టేప్పుడు మా నాన్న అక్కడ ఇంజనీరు. నేను చిన్నపిల్లని. గాజువాక సంతలో కూరలమ్మేవాళ్ళ దగ్గర అమ్మ తెలుగు నేర్చుకుంది. నాకంటే బాగా మాట్లాడేది."

"మరి నాతో ఒక్క మాటా అన్లేదేటమ్మా?"

లేస్యా కన్నీళ్ళు తుడుచుకుంది.

"'నాకు తెలుగొచ్చని తెలిస్తే అప్పలమ్మ సిగ్గుపడి నోరు కట్టేసుకుంటుంది, పాపం, మనసులోది చెప్పుకోవడానికి ఆమెకి ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరున్నారు' అని నా చేత ఒట్టు వేయించుకుంది, పెద్దమ్మా."