ఒడ్డుదాకా కర్రలు

మల్‌సూన్ వెదురు కర్రని మోకాలికేసి విరిచి పొయ్యిలో పెట్టింది.

"అది నాదమ్మాయ్," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

తలెత్తి చూస్తే కర్రల అవ్వ.

వసంతంలో మొక్‌పో పట్నం నుంచి పడవలో ఈ దీవికి వచ్చిన ముసలామె. చర్చి పక్కన గది తీసుకుంది. సముద్రం వెనక్కి తగ్గగానే బురదలోకి దిగి, ఒడ్డు నుంచి, మధ్యలో ఉన్న సముద్రపు పాయ దాటి, ఆడవాళ్ళు గుల్లలు ఏరుకునే దిబ్బ దాకా వరసగా వెదురు కర్రలు పాతుతుంది. ఒక్కోదానికీ తెల్లగుడ్డ కడుతుంది. ఆ పని ఆమెకి ఎవరూ పురమాయించలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుకుని ఆ పేరు పెట్టేశారు.

"మీవని రాసుందా? పాయ దగ్గర పడున్నాయి, తెచ్చుకున్నా," అంది మల్‌సూన్.

"పడి లేవు, పాతాను. పొగమంచు దిగితే దారి తెలియాలి కదా."

"పుట్టినప్పట్నుంచీ ఈ బురదలో దొర్లుతున్నవాళ్ళం. మాకు మీరు దారి చూపిస్తారా?"

"పోటు నీళ్ళు ఎదురుగా రావమ్మా. ముందు మీ వెనకున్న పాయ నిండుతుంది. గంప నిండలేదని ఆగిపోకండి."

"పాయ సంగతి నాకే చెప్తున్నారా?"

మల్‌సూన్ ఇంకో పుల్ల పొయ్యిలోకి తోసింది. ఆ సంగతి ఆమెకన్నా తెలిసినవాళ్ళు దీవిలో లేరు. చిన్నప్పుడు ఆ పాయలోనే మునిగింది. చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర సువార్తికుడు దూకి, ఆమెని ఒడ్డుకి తోసి, తను పోయాడు. శవం దొరికేసరికి తుఫాను. పడవలు ఆగిపోయాయి. అతని వాళ్ళెవరూ రాకుండానే చర్చి వెనక గుట్ట మీద పాతిపెట్టారు.

అప్పట్నుంచీ మల్‌సూన్ ఆ గుట్ట వైపు కన్నెత్తి చూడదు. ఆదివారం గంట మోగితే కిటికీ మూసేస్తుంది. చావు ఒకసారి వదిలేసింది కాబట్టి మళ్ళీ తన జోలికి రాదని మాత్రం మహా ధీమా.

"ఆదివారం ఒకసారి చర్చికి రారాదూ?" అంది అవ్వ మెల్లగా.

"ఏ ముఖం పెట్టుకుని రాను? నా మూలంగా ఒకడు అక్కడ పడుకున్నాడు."

అవ్వ గుమ్మంలోనే చతికిలబడింది.

"నిన్ను ఒడ్డుకి చేర్చింది కిటికీలు మూసుకుని బతకమని కాదమ్మాయ్."

"మీకేం తెలుసు?"

"అలాంటి కుర్రాళ్ళని ఎరుగుదును. నీకెంతమంది పిల్లలు?"

"ఇద్దరు. మొక్‌పోలో చదువుకుంటున్నారు."

"ఇద్దరా!" అంది అవ్వ. ఆ ముఖం చూస్తే, ఎవరో చేతిలో కానుక పెట్టినట్టుంది. కర్రల సంగతి మళ్ళీ ఎత్తకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడే, చలి మొదలైన ఆ మధ్యాహ్నం, గుల్లల దిబ్బ మీద పక్కింటి జొమ్‌రే పిలిచింది.

"వదినా, మంచు దిగుతోంది. పోదాం పద."

"నువ్వు నడువు. ఈ గంప నింపుకుని వస్తా."

"నీ గంప ఎప్పుడు నిండింది గనక?" అని జొమ్‌రే గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మల్‌సూన్ నడుం ఎత్తేసరికి ఒడ్డు లేదు, దీవి లేదు. అంతా తెలుపు. తడుముకుంటూ నడిస్తే చేతికి ఒక కర్ర తగిలింది. దాన్ని దాటితే ఇంకోటి. కర్రా కర్రా పట్టుకుని పాయ దాకా వచ్చింది.

అక్కడ కర్రలు లేవు.

అవి తన పొయ్యిలో బూడిదైన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. గంప వదిలేసింది.

"యేసయ్యా," అంది జన్మలో మొదటిసారి. "నేనిక్కడ పోతే ఆ పిల్లాడు ఊరికే పోయినట్టవుతుంది. నన్ను ఒడ్డు చేర్చు."

ఎక్కణ్ణుంచో ఇత్తడి గిన్నె మోత వినిపించింది.

ఆ మోత వైపు నడిచింది. పాయలో నడుం లోతు నీళ్ళలో నిలబడి, గరిటెతో గిన్నె వాయిస్తోంది అవ్వ.

"మీరిక్కడేం చేస్తున్నారవ్వా?"

"ఇక్కడ కర్రలు లేవు కదమ్మా," అంది అవ్వ పళ్ళు టకటకలాడుతుంటే. "అందుకని నేను నిలబడ్డాను."

ఆ ఆదివారం మల్‌సూన్ చర్చిలో అవ్వ పక్కన కూర్చుంది.

"ఏంటి వదినా, పొద్దు పడమట పొడిచిందా?" అని గుసగుసలాడింది జొమ్‌రే.

"పిలిచినప్పుడు రానిదాన్ని నేను. పొద్దుని ఎందుకు తప్పు పడతావ్?" అంది మల్‌సూన్. ఇన్నేళ్ళూ లేదనుకున్న ముఖాన్ని పైకెత్తి పాట అందుకుంది. గుండెల మీంచి బరువు దిగిపోయింది. మర్నాడు తనే వెదురు నరికి పాయ దగ్గర మళ్ళీ పాతింది.

కానీ ఆ చలి అవ్వ ఊపిరితిత్తుల్లో కూర్చుంది. చలికాలం పోక ముందే మంచం పట్టింది. గంజి తాగించిందీ, రాత్రులు కాపలా కాసిందీ మల్‌సూనే.

"ఏడవకు," అంది అవ్వ చివరి రోజున. "నేను ఒడ్డుకే పోతున్నా."

పోయింది.

"ఎవరూ లేని మనిషి," అంది మల్‌సూన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఎక్కడికి పంపిస్తారు పాస్టరుగారూ?"

"పంపక్కర్లేదమ్మా. కొడుకు పక్కన పెట్టమంది. ఈ మాట తను పోయాకే నీకు చెప్పమంది."

"ఇక్కడ ఆమెకి కొడుకెవరు?"

పాస్టరుగారు లేచి వెనక కిటికీ తెరిచారు.

గుట్ట మీద ఉన్నది ఒకే ఒక్క సమాధి.