తిరిగిన బంతి

"లోపం నీ చేతిపనిలోనే ఉంది!" అంటూ నార్బర్ట్ ఆ నీలం బంతిని లెస్టర్ బల్ల మీద దభీమని పెట్టాడు.

అమెరికాలో మిల్వాకీ ఊళ్ళోని ఒక బౌలింగ్ హాలుకి ఓ మూలన లెస్టర్ కొట్టు. ఆటగాళ్ళ చేతులు కొలిచి, వాళ్ళ బంతులకి వేళ్ళు పట్టేలా రంధ్రాలు వేసిస్తాడు. ఈ బంతికైతే ఇప్పటికే ఒకసారి పూడ్చి మళ్ళీ వేశాడు.

"అందరి బంతులూ అవతల నిలబెట్టిన పిన్నుల దాకా వెళ్ళి వయ్యారంగా వంపు తిరుగుతాయి. నాది మామూలుగా వేస్తే తిన్నగా పోతుంది, తిప్పి వేస్తే పక్కనున్న గట్టరు కాలవలో పడి చస్తుంది!"

"బంతేం చేసింది బాబూ, నువ్వే దాని పీక నొక్కేస్తున్నావు. ముందు బొటనవేలు జారిపోవాలి, మిగతా రెండు వేళ్ళూ ఆఖర్న తిప్పాలి. అయినా పదహారు పౌండ్లు నీకెందుకు? తేలికది తీసుకో."

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా? రంధ్రాలు కాస్త వదులు చెయ్యి, చాలు."

లెస్టర్ నిట్టూర్చి డ్రిల్లు అందుకున్నాడు.

సాయంత్రం పోటీ మొదలైంది. జట్టు కెప్టెన్ గోర్డీ, నార్బర్ట్‌కి స్వయానా బావమరిది. "బావా, ఇవాళ కూడా ఇంతే అయితే వచ్చే వారం నీ చోట్లో డ్వైట్ ఆడతాడు. తర్వాత ఇంటికొచ్చి అలక్కు" అన్నాడు.

"చూస్తూ ఉండు!"

వేశాడు. గట్టర్. ఈసారి ఇంకా గట్టిగా తిప్పాడు. మళ్ళీ గట్టరే.

"అలా మెలిపెడతావేంటి బావా, అదేమన్నా తడిబట్టా?"

జట్టువాళ్ళు బీరు గ్లాసుల్లో మొహాలు దాచుకున్నారు. పక్క వరసలో ఆడేవాళ్ళు కూడా నవ్వాపుకోలేకపోతున్నారు. నార్బర్ట్‌కి చెవులు వేడెక్కిపోయాయి.

ఆట ముగింపుకొచ్చింది. ఆఖరి వంతు అతనిదే. రెండు వరసల బంతులూ తిరిగొచ్చి ఆగే అరుగు మీంచి నీలం బంతిని విసురుగా లాక్కున్నాడు. ఆ కోపంలో బరువే తెలియలేదు. పోయిన పరువు ఎలాగూ పోయింది, ఇంక తిప్పేదేముందనుకుని ఊరికే వదిలేశాడు.

బంతి అంచు వెంబడే పోయింది. గట్టర్లో పడబోతూ, ఎవరో పిలిచినట్టు లోపలికి మళ్ళింది. పది పిన్నులూ ఒక్కసారిగా ఎగిరిపడ్డాయి.

హాలంతా కేకలు. గోర్డీ పరిగెత్తుకొచ్చి వాటేసుకున్నాడు. "నీ చోటు నీదే బావా!"

నార్బర్ట్ కళ్ళు చెమర్చాయి. కొట్టు గుమ్మంలో నిలబడ్డ లెస్టర్ వైపు వేలు చూపించి అరిచాడు: "చూశావా! చెయ్యీ నాదే, బంతీ నాదే!"

తిరిగొచ్చిన బంతిని తువ్వాలుతో అపురూపంగా తుడిచి, ముద్దు పెట్టుకుని, సంచీలో పెట్టుకోబోయాడు.

పక్క వరసలోంచి ఓ నెరిసిన జుట్టావిడ వచ్చి అతని భుజం తట్టింది.

"మురిసిపోవడం అయితే నా బంతి నాకిచ్చెయ్యి బాబూ, నా వంతొచ్చింది."