గీకిన చోటు

పెట్రోలు ట్యాంకు కడిగేముందు ఎర్తు వైరు క్లిప్పు తగిలించాలి. ఆ చోట రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్దాలి. రంగు మీద పెడితే పెట్టనట్టే. నీళ్లు చిమ్మేటప్పుడు పుట్టే కరెంటు నేలలోకి పోదు, నిప్పురవ్వై లేస్తుంది. ఇదంతా నాకు నేర్పింది మా అన్నయ్యే.

లోపలికి దిగేముందు ప్రతిసారీ "గీకావురా?" అని అడిగేవాడు. పోయినేడు ఒక రాత్రి నేను బద్ధకించి, కొత్త రంగు మీదే క్లిప్పు పెట్టి, "ఎప్పుడో గీకేశా, నువ్వు దిగు" అన్నాను. కాసేపటికే ట్యాంకు పేలింది. అన్నయ్య పోయాడు. నేనన్న ఆ మాట వదినకు ఇప్పటికీ చెప్పలేదు.

ఈ రాత్రి ఇంకో ట్యాంకు. నిన్ననే రంగు వేశారు. ఆకురాయి పట్టుకుని వెళ్లేసరికే అరచేయంత మేర ఇనుము తళతళలాడుతోంది. కింద రంగు పొట్టు. వేలితో తాకితే, అప్పుడే రుద్దినట్టు వెచ్చగా ఉంది.

"ఇందాక ఎవరైనా వచ్చారా?" అని వాచ్‌మన్‌ని కేకేశాను.

"ఎవరొస్తారయ్యా? తాళం తీసిందే నీ కోసం!"

ఆ మెరిసే చోటే క్లిప్పు తగిలించాను. ఖాళీ ట్యాంకులోంచి నింపాదిగా వినిపించింది.

"గీకావురా?"

"లేదన్నయ్యా." ఏడుపు ఆగలేదు. "ఆ రోజు కూడా గీకలేదు."

లోపలి నిచ్చెన మీద ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కుతున్న చప్పుడు.

నేను కదల్లేదు.