పరగడుపున రావాలి

"మళ్ళీ పెరిగింది!" పోయినసారి రిపోర్టును బల్లమీద పెట్టి, రక్తం తీసే అమ్మాయి కళ్ళెర్రజేసింది. "నెలనెలకీ మీ కొలెస్ట్రాల్ మెట్లెక్కుతూ పోతోంది. నేను చెప్పేది వింటున్నారా, గాలికొదిలేస్తున్నారా?"

బొద్దు టైలరు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. రాత్రి నుంచి ఏమీ తినకపోవడంతో ఒళ్ళు దూదిపింజలా తేలుతోంది. కిటికీలోంచి దిగిన పొద్దుటెండ గాజుగొట్టాల వరుసలో తేనెరంగుగా నిలిచింది. ఆ వెలుగులో ఆమె చెవి అంచు గులాబీరేకంత పలచగా ఉంది. ఈ కాసేపటి కోసమే అతను నెలంతా మిషను తొక్కుతాడు.

లావుపాటి వాళ్ళ రక్తంలో కొవ్వు ఏళ్ళ తరబడి ఎలా మారుతుందో చూసే పరిశోధన అది. అందులో అతనూ చేరాడు. పరగడుపున ఎప్పుడు రావాలో ఆ అమ్మాయే ఫోన్ చేసి చెబుతుంది.

"చెయ్యి చాపండి. పిడికిలి బిగించండి."

"మెల్లిగానండీ!"

"రోజంతా సూదితో బతికే మనిషి, సూదికి భయపడతారా?"

"నేను గుడ్డని గుచ్చుతానండీ. గుడ్డ కెవ్వుమనదు."

ఆమె పెదవి కొస కదిలింది. నవ్వును మాత్రం బయటికి రానివ్వలేదు.

"నడవమన్నాను. నడుస్తున్నారా?"

"లేదండీ."

"వేపుళ్ళు?"

"మా అక్క మానేసిందండీ. నేనే బతిమాలి చేయించుకుంటున్నాను."

"బతిమాలి మరీనా!"

"మధ్యలో కొన్నాళ్ళు మానేశానండీ. పంట్లాం వదులైపోయి, నడుం దగ్గర లోపలికి కుట్టు వేసుకోవాల్సొచ్చింది. గుండె జారిపోయింది. వెంటనే మళ్ళీ మొదలెట్టాను."

"సన్నబడితే గుండె జారడమేంటండీ?"

అతను గాజుగొట్టాల్లోని ఎండతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. "ఇది లావుపాటి వాళ్ళ పరిశోధన కదండీ. సన్నబడితే నా పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత మిమ్మల్ని చూడ్డానికి నాకేం వంక దొరుకుతుంది?"

సూది బయటికి వచ్చేసింది. దూది పెట్టిన చోట ఆమె వేలు అలాగే ఉండిపోయింది. బయట ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు ఎక్కడో దూరదేశంలోంచి వచ్చినట్టుంది.

"పిచ్చిమనిషీ!" అందామె. "ఒకసారి పేరు రాసుకున్నాక మీరు చిక్కి పుల్లయినా చివరిదాకా పిలుస్తూనే ఉంటారు. ఆ మార్పు చూడ్డానికే కదా ఇదంతా! ఈమాత్రానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా? మీకేమైనా అయితే..."

"అయితే నడవొచ్చాండీ?"

"ఇవాళే. ఇంటికి బస్సెక్కారో, మీ సంగతి చెప్తాను."

టైలరు లేచాడు. నేల కాళ్ళకి తగిలీ తగలనట్టుంది. గుమ్మం దగ్గర, పరిశోధన నడిపే డాక్టరుగారు ఎదురయ్యారు.

"ఏమయ్యా, చేతికి ఆ దూదేమిటి?"

"నెల పరీక్షండీ," అన్నాడు టైలరు హుషారుగా.

డాక్టరుగారు అతన్ని ఎగాదిగా చూసి, లోపల ఉన్నట్టుండి గాజుగొట్టాలు సర్దడం మొదలెట్టిన అమ్మాయివైపు తిరిగారు.

"నెల పరీక్షేంటమ్మా? మనం రక్తం తీసేది ఏడాదికి ఒక్కసారే కదా!"