గొట్టం పలికిన మాట

తుపాకులు బాగుచేసే తన షాపులో మేస్త్రీ, వాళ్ళు తెచ్చిన తుపాకీని విడదీసి, జంట గొట్టాలను తాడుకు కట్టి వేలాడదీశాడు. ఎందుకొచ్చారని అడగనైనా లేదు.

"మా తాతల నాటిది మేస్త్రీ గారూ, కాస్త జాగ్రత్త" అన్నాడు బల్లకు ఇవతల కూర్చున్న పెద్దాయన.

ఆయనకు ఈమధ్య నిన్నటి మనిషి ఇవాళ గుర్తుండడు. తుపాకీ ఉన్న అలమర తాళం ఎక్కడుందో మాత్రం భేషుగ్గా గుర్తుంటుంది. పోయిన వారం పెరట్లో కాకి వాలిందని పేల్చాడు. అది కాకి కాదు, ఆరబెట్టిన నల్ల గొడుగు. దాని పక్కనే బట్టలు ఆరేస్తున్న కూతురు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇంట్లోకి పరిగెత్తింది. ఈసారి గురి తప్పదని ఆయన పట్టు. తుపాకీ దాచేస్తే అన్నం ముట్టలేదు. చివరికి, బాగుందని మేస్త్రీ అంటే పేల్చడం, లేదంటే మానెయ్యడం అని తండ్రీ కూతురూ ఒప్పందానికి వచ్చారు. ఆ కూతురే ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి చేతిసంచి పట్టీని నలుపుతోంది.

మేస్త్రీ చిన్న కర్ర సుత్తితో గొట్టాన్ని ఒక్కసారి తట్టాడు. ఖంగుమంది. ఆ మోత గది నాలుగు మూలలూ తిరిగి చాలాసేపటికి గానీ సద్దుమణగలేదు. అది పూర్తిగా ఆగేదాకా పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

మేస్త్రీ పెదవి విరిచాడు. "విన్నారుగా? లోపల సన్నటి పగులుంది. తూటా పెడితే కాల్చినవాళ్ళ చేతిలోనే పేలుతుంది."

"బయటికేమీ కనపడదే?"

"అదే దీంతో వచ్చిన చిక్కు." ఆ మాట అతను గొట్టాన్ని చూస్తూ అన్నాడు.

మరి దేనికీ పనికిరాదా అని పెద్దాయన అడిగాడు. అప్పుడు మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. పక్క పలకల మీద చేత్తో చెక్కిన లతలు చూపించాడు. ఇలాంటి పనిమంతులు ఇప్పుడు లేరని, విలువంతా అక్కడే ఉందని, గోడకు తగిలిస్తే చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకోలేరని తడుముకోకుండా చెప్పాడు.

ఇక తండ్రి పోట్లాటకు దిగుతాడని కూతురు గుండె చిక్కబట్టుకుంది. ఆయన దిగలేదు. కర్ర సుత్తిని చేతిలోకి తీసుకుని, అరిగిన పిడిని బొటనవేలితో తడిమి, దాని చోట్లోనే తిరిగి పెట్టాడు.

"అయితే తూటాను పేల్చే సూదులు తీసెయ్ నాయనా. రేపు నేను మర్చిపోతే?"

మేస్త్రీ సూదులు ఊడదీశాడు. పెద్దాయన లేచి అతని భుజం తట్టాడు.

"నీకు పని నేర్పినవాడు అదృష్టవంతుడు."

మేస్త్రీ చేతులు తుడుచుకునే గుడ్డ కోసం అటు తిరిగాడు. గుడ్డ అతని భుజం మీదే ఉంది.

వీధిలోకి వచ్చాక కూతురికి జాలేసింది. ఆ తుపాకీ అంటే తండ్రికి పంచప్రాణాలు. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"బాధగా ఉందా నాన్నా? పోనీ ఇంకో మేస్త్రీకి చూపిద్దామా?"

"వద్దులేమ్మా" అని ఆయన ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా రోడ్డు దాటాడు. అవతలికి చేరాక షాపు వైపు ఒకసారి తిరిగి చూశాడు.

"ఖంగుమంటే గొట్టం గట్టిదని వాడికి నేర్పింది నేనే."